పాస్‌పోర్టు లేని కడుపులు

మా వీధి చివర మామ్మగారికి ఒక మనవడున్నాడు. ఈ ఏడు పదో తరగతి. లెక్కల్లో వెనకబడ్డాడని ట్యూషను మాస్టారు అన్న రోజు నుంచీ ఆవిడ వాడిచేత పరగడుపునే సరస్వతి ఆకు నమిలిస్తోంది. ఆకు దొరకని రోజు పొడి, పొడిలో తేనె. మొన్న నాకూ ఒక పొట్లం కట్టి ఇచ్చింది. "రాసుకునేవాడివి, మరుపు రాకూడదు నాయనా" అంది.

"ఎక్కడ కోశారు మామ్మగారూ?"

"మురుక్కాలవ గట్టున. అబ్బ, ఎంత ఏపుగా ఉందనుకున్నావ్! మన పెరట్లోనూ ఉంది, దేనికీ, చిట్టి ఆకులు. గట్టు మీదది ఒక్కొక్కటీ రూపాయి బిళ్లంత!"

ఏపుగా ఎందుకుండదు? ఊరు కడిగిన కంచాల నీళ్లు, గేదెల్ని కడిగిన నీళ్లు, మెకానిక్ షెడ్డులో వదిలించిన గ్రీజు, పాత బ్యాటరీలు విప్పిన చోట ఒలికిన యాసిడ్, చేలల్లోంచి జారిన డీఏపీ రసం, అన్నీ చేరేది అక్కడికే. మొక్క ఎవరేమిచ్చినా కాదనదు. ఎందుకిచ్చారని అడగదు, రసీదు ఇవ్వదు. మొక్కలకి ఆఫీసు బుద్ధులు ఎప్పుడబ్బాయో!

మామ్మగారు ఆ ఆకు కోస్తున్నది మనవడి బుర్ర కోసం. ఆ మురుగులో వచ్చే లోహాలన్నిటిలోకీ పిల్లల బుర్రని ఏరికోరి పట్టుకునేది సీసం. ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అని గీసిన గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పేసింది. ఆకు ఇచ్చే తెలివి ఎంతో వైద్యులు వాదించుకుంటూ ఉంటారు. సీసం పట్టుకుపోయే తెలివి మీద వాదనే లేదు. సరస్వతి పేరు చెప్పి పిల్లాడి నోట్లో పెడుతున్నదాంట్లో సరస్వతి వాటా ఎంత, సీసం వాటా ఎంత? వంటింట్లో ఉప్పు తూచినట్టు చెప్పగలిగే మనిషి మా చల్లపల్లిలో లేడు. ఉండాలని అడిగిన మనిషీ లేడు.

అదే గట్టు మీద సరస్వతి ఆకు పక్కనే నీటి సాంబ్రాణి కూడా పాకుతూ ఉంటుంది. కంపెనీల సీసాల మీద బ్రాహ్మి అని ఉండేది ఎక్కువగా ఇదే. దీని ఉద్యోగ చరిత్ర వినాలి. ఇది నీళ్లలోంచి రాగినీ కాడ్మియంనీ లాగేస్తుందని 1990లోనే మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ తర్వాత పాదరసం కూడా దాచుకుంటుందని తేల్చారు. కలుషితమైన నీళ్లని బాగుచెయ్యడానికి ఇంతకన్నా చవకైన పనిమనిషి దొరకదని మెచ్చుకున్నారు. అంటే ఆ ప్రయోగశాలలో ఇది పారిశుధ్య కార్మికురాలు. అదే మొక్క ఎండి, పొడై, ఆకుపచ్చ లేబులు కట్టుకుని మందుల షాపు అరలోకి ఎక్కేసరికి మేధావర్ధిని. ఒకే మొక్కకి రెండు కొలువులు. పగలు మురుగు తోడుతుంది, రాత్రి చదువు చెబుతుంది. మధ్యలో బట్టలు మార్చుకునే గది మాత్రం లేదు.

ఊడ్చే విద్య చల్లపల్లికి ఎవరూ నేర్పక్కర్లేదు. 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లారకముందే చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కుతున్నారు. ఆసుపత్రి డాక్టర్లూ రైతులూ గృహిణులూ రిటైరైన ఉద్యోగులూ కలిసి కాలవ గట్లు బాగుచేశారు, రోడ్ల పక్కన మొక్కలు పెట్టారు. వాళ్లకి నిజంగానే దండం పెడతాను, ఇందులో వ్యంగ్యం లేదు. చీపురుకి అందేది కంటికి ఆనే చెత్త. కంటికి ఆనని చెత్తని ఊడ్చే ముందు కొలవాలి. మన నాటకమంతా ఆ కొలత దగ్గరే.

కొలత అంటే పీపీఎం. పది లక్షల్లో ఒక వంతు. డెల్టావాళ్లకి వడ్లతో చెబితే పట్టుబడుతుంది. బాపట్ల సాంబ మసూరి వడ్లు సుమారు పదిహేను కిలోలు తూస్తే పది లక్షల గింజలవుతాయి. ఆ పదిహేను కిలోల రాశి మూలిక పొడి అనుకుంటే, అందులో నల్ల గింజలు పది దాకా ఉండొచ్చునని సీసానికి ఇచ్చిన పరిమితి. ఆర్సెనిక్‌కి మూడు గింజలు. పాదరసానికి ఒక్కటే. కాడ్మియంకి సున్నా పాయింట్ మూడు, అంటే గింజ కూడా కాదు, గింజలో మూడో వంతు, ఒక నూక. బస్తాలో నూకని వెతకడం లాంటి పని ఇది. అసలు కాడ్మియంకి మనం ఓ తెలుగు పేరు కూడా పెట్టుకోలేదు. సీసం, తగరం, తుత్తునాగం, పాదరసం అందరికీ పేర్లున్నాయి, దీనికి లేదు. పేరు లేనివాణ్ని వీధిలో నిలబెట్టి తిట్టడం కూడా కష్టమే. భాస్వరం ఎరువు బస్తాతో పాటు టిక్కెట్టు లేకుండా చేలోకి దిగుతుంది, తుత్తునాగం వేషం వేసుకుని వేళ్లలోకి దూరుతుంది.

మన దేశంలో మూలికల్లో లోహాలు ఎవరూ కొలవడం లేదనుకునేరు. తెగ కొలుస్తున్నారు. ఎం.ఫిల్. ఉన్నన్నాళ్లూ ఎం.ఫిల్.కి కొలిచారు, పీహెచ్‌డీకి కొలుస్తారు, ప్రమోషనుకి కొలుస్తారు. తంతు కూడా పెళ్లి తంతులా స్థిరపడిపోయింది. మొక్కలు ఐదు: తులసి, వేప, నేలవేము, అశ్వగంధ, కలబంద. చోట్లు మూడు: ఫ్యాక్టరీ పక్క, రోడ్డు పక్క, యూనివర్సిటీ తోట. ఆకుని కుళాయి నీళ్లతో ఓసారి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడుగుతారు. ఓవెన్‌లో ఎండబెట్టి, పొడి చేసి, అరగ్రాము తూచి నైట్రిక్ యాసిడ్‌లో ఉడికిస్తారు. ఆకు మాయమై తేట నీళ్లు మిగులుతాయి. వాటిని అటామిక్ అబ్సార్‌ప్షన్ అనే యంత్రంలో మంట మీదికి చిమ్ముతారు. సీసం చూడాలంటే సీసం దీపం వెలిగించాలి, కాడ్మియంకి కాడ్మియం దీపం. నవగ్రహాలకి విడివిడిగా దీపం పెట్టినట్టు ఎవరి దీపం వాళ్లకే. పాదరసం మాత్రం వేడి తగిలితే లేచిపోయే రకం, దానికి వేరే ఉపచారం. ఇంత చేశాక యంత్రం నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి, లోహం లెక్క ముందే తేల్చి అమ్మే ఆకు పొడి ఒకటి తెప్పిస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అమ్మే ఆపిల్ ఆకుల పొడి అందులో పేరున్నది. మన కోటలో తులసమ్మ శీలానికి ఆపిల్ ఆకు సాక్ష్యం!

అన్నీ అయ్యాక చివర రెండు వాక్యాలు. లోహాలు అనుమతించిన పరిమితుల్లోనే ఉన్నాయి. మరిన్ని పరిశోధనలు అవసరం. మొదటి వాక్యం జనానికి, రెండోది గ్రాంటుకి.

ఆ విద్యార్థుల్ని తిట్టను. యాసిడ్ పొగలో నిలబడి నిజాయితీగా కొలిచినవాళ్లు చాలామంది ఉన్నారు. కాకపోతే వాళ్లు కొలిచింది మూడుసార్లు కడిగిన ఆకు. మా వీధి తినేది ఆ ఆకు కాదు. మామ్మగారు ఆకుని ఎక్కడ ఎండబెడుతుందో చూశారా? మచిలీపట్నం నుంచి మోపిదేవి మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే వెళ్తుంది. కోతల రోజుల్లో తారు మీద వడ్లు, మినుముల రోజుల్లో మినుములు. ఆ వరసలోనే ఓ మూల చాప, చాప మీద నేల ఉసిరి, గుంటగలగర, సరస్వతి ఆకు. లారీ పోయినప్పుడల్లా ఆకులు లేచి ఓసారి గాల్లో తిరిగి మళ్లీ కూర్చుంటాయి. ఆవిడ కొంగుతో దులిపి సర్దుతుంది. మన నల్లరేగడి పుణ్యమా అని సీసం మట్టిలోంచి వేళ్లకి, వేళ్లలోంచి ఆకుకి సులువుగా ఎక్కదు. ఆకు మీద సీసం ఎక్కువగా ఎక్కేది దుమ్ముతోనే. పెట్రోల్లో సీసం కలపడం 2000 సంవత్సరంలో దేశమంతా ఆపేశారు. రోడ్డు పక్క మట్టికి ఆ ఉత్తర్వు అందినట్టు లేదు. సీసం కుళ్లదు, ఆవిరవదు, ట్రాన్స్‌ఫర్ అడగదు. పడ్డచోటే పడి ఉంటుంది, లారీ వచ్చి లేపేదాకా.

మూలికలు కోసుకునే పద్ధతుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఓ పుస్తకం వేసింది. రోడ్ల పక్కన కొయ్యకండి, మురుక్కాలవల దగ్గర కొయ్యకండి, చెత్తకుప్పల దగ్గర, గనుల వ్యర్థాల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర కొయ్యకండి అని ఉంది అందులో. గనుల సంగతి వదిలేస్తే అది మా ఆకులు కోసేవాళ్ల రూటు మ్యాపే. ఇంకెక్కడ కొయ్యమంటారు వాళ్లని? చేలన్నీ వరీ మినుమూ అరటీ చెరుకూ. ఎవరి సొంతమూ కాని నేల డెల్టాలో మిగిలింది గట్టూ, రోడ్డు మార్జినూ. పేదవాడి మందుల తోట ఆ రెండే.

2020లో కరోనా వచ్చాక ఆయుష్ శాఖ తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠితో కషాయం కాచుకోమంది. జనం దానికి తిప్పతీగ కలిపారు. కంచె మీద తిప్పతీగ కనపడితే రెండు రోజుల్లో కంచె ఒక్కటే మిగిలేది. ఆ మరుసటి ఏడు మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందుకి వేలమంది బారులు తీరారు. కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందుకి మే 31న రాష్ట్ర ప్రభుత్వం సరేనంది. పనిచేస్తుందా చెయ్యదా అని టీవీల్లో గొంతులు చించుకున్నారు. ఆకులు ఏ గట్టున కోశారని అడిగిన గొంతు ఒక్కటీ నా చెవిన పడలేదు.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. మూలికల్లో లోహం కొలిచి తీరాలని ఢిల్లీ కళ్లెర్రజేసి ఉత్తర్వు ఇచ్చిన సందర్భం ఒకటుంది. 2004 డిసెంబరులో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో దొరికే ఆయుర్వేద మందులు 70 రకాలు కొని కొలిస్తే 14 రకాల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలింది. అయిదింట ఒకటి. వాటిలో కొన్ని కావాలని లోహం కలిపి చేసే రసౌషధాలు, ఆ గొడవ వేరు. బోస్టన్‌వాళ్లు కొలిచారని తెలిసిన పది నెలలకి, 2005 అక్టోబరు 14న, ఆయుష్ శాఖ ఉత్తర్వు వచ్చింది. 2006 జనవరి 1 నుంచి మూలికా మందుల్లో సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ పరీక్ష తప్పనిసరి, డబ్బా మీద లోహాలు పరిమితి లోపలే ఉన్నాయని రాయాలి.

ఎవరికి పంపే డబ్బా మీద? ఎగుమతయ్యే డబ్బా మీద.

చదివారుగా. మందు ఒకటే, కొట్టు ఒకటే, రోలు ఒకటే. ఓడ ఎక్కే పొడికి నాలుగు లోహాల పరీక్ష. ఎర్రబస్సు ఎక్కే పొడికి దేవుడి దయ. ఫార్మకోపియాలో పరిమితులు అందరికీ కలిపే రాశారు, కాదనను. పుస్తకంలో అంకె ఉండటం వేరు, ఆ అంకె పట్టుకుని పొట్లం దగ్గరికి మనిషి రావడం వేరు. మామ్మగారి పెద్దమనవరాలు ఉండేది బోస్టన్‌లోనే. ఆ పిల్ల కడుపుకి సీసం పడదు, చల్లపల్లిలో ఉన్న చిన్నమనవడి కడుపుకి పడుతుంది అని వైద్యశాస్త్రంలో ఎక్కడ రాశారో ఆ ఉత్తర్వు టైపు చేసినవాళ్లే చెప్పాలి. పిల్లలిద్దరికీ పేగు ఒకే పొడుగు. తేడా పాస్‌పోర్టులో ఉంది.

మన దగ్గరా లోహం కొలుస్తారు లెండి. మనిషి పడిపోయాక కొలుస్తారు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం నిలువునా మూర్ఛపోవడం మొదలెట్టారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తం చూసి సీసం, నికెల్ ఉన్నాయంది. హైదరాబాద్ పోషకాహార సంస్థ నుంచి నిపుణులొచ్చారు. నీళ్లు తీసుకెళ్లారు, పాలు తీసుకెళ్లారు, కూరగాయలు తీసుకెళ్లారు. చివరికి వేలు ఎక్కువగా పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. ఆ వారం రోజులూ ఏలూరు కూరగాయకి దక్కినంత మర్యాద దేశంలో ఏ కూరగాయకీ దక్కలేదు. తర్వాత జనం తేరుకున్నారు, శాంపిలు సంచులు తీసుకుని నిపుణులు వెళ్లిపోయారు, కూర మళ్లీ కూరయిపోయింది. అక్కడ అందరూ ఒకేసారి పడ్డారు కాబట్టి కనపడింది. మామ్మగారి మనవడికి లెక్కలు రావడం లేదంటే ఏ అంబులెన్సు వస్తుంది?

కొలిస్తే ఏం ఒరుగుతుందనే పెద్దమనుషులకి పక్క దేశం సంగతి ఒకటి. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములు నిగనిగలాడాలని సీసం కలిసిన పసుపు రంగు, లెడ్ క్రోమేట్, పూసేవారు. 2019లో బజారు పసుపు కొలిస్తే 47 శాతం నమూనాల్లో సీసం తేలింది. ఆ దేశపు ఆహార భద్రతా సంస్థ పేపర్లో వేయించింది, టోకు బజారులో చేతిలో పట్టుకునే తుపాకీ లాంటి మిషను పెట్టి అక్కడికక్కడే కొలిచింది, రంగు పూసిన వ్యాపారులకి జరిమానా వేసింది. 2021కి ఆ 47 కాస్తా సున్నా అయింది. రెండేళ్లు! మనకి రెండేళ్లలో కమిటీకి కుర్చీలు కూడా రావు. కృష్ణ దాటితే దుగ్గిరాల పసుపు యార్డు ఉంది, మన లంకల్లో పసుపు పండుతుంది, మనకి పసుపంటే మంగళసూత్రంతో సమానం. ఢాకా మార్కెట్టుకి ఉన్నపాటి పట్టింపు మన పుస్తెకి ఉండొద్దూ?

డబ్బు లేదు, మిషను లేదు అంటారేమో. ఉంది. 2015 నుంచి రైతుకి నేల ఆరోగ్య కార్డు ఇస్తున్నారు. పన్నెండు గడులు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం. వీటిలో జింకు, రాగి, ఇనుము, మాంగనీసు నాలుగింటినీ చూసేది ఇందాక చెప్పిన దీపాల యంత్రంలోనే. యంత్రం అక్కడే ఉంది, కరెంటు ఉంది, మట్టి సంచీ బల్ల మీదికొచ్చింది. దీపం మార్చి సీసం, ఇంకో దీపం మార్చి కాడ్మియం చూడటానికి ఏమొచ్చింది? కార్డులో గడి లేదు. పైరుకి ఏం తక్కువైందో పన్నెండు గడుల్లో రాసిచ్చే సర్కారు, పైరు తిన్నవాడికి ఏం ఎక్కువైందో రాయడానికి పదమూడో గడి గీయలేకపోయింది. పదమూడు అచ్చిరాదనుకున్నారు కాబోలు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని, మామ్మగారి పొట్లం జేబులో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాను. పొట్లం మీద నూనె మరక, లోపల ముదురాకుపచ్చ పొడి, గడ్డి వాసన. బందరు కాలవ వెంబడే బస్సు. ఊరి నడిబొడ్డున బందరు, ఏలూరు, రైవస్ కాలవలు పారడం బెజవాడకి అందం. ఆ అందంలో నగరం ఏమేం కలుపుతుందో ముక్కు ఉన్నవాడికి చెప్పక్కర్లేదు. కింద మేం ఆ నీళ్లతోనే చేలు తడుపుతాం, గట్టు మీద ఆకు ఏపుగా వచ్చిందని మురిసిపోతాం.

ఒక ప్రయోగశాల వెతుక్కుని వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. ఫారం తీసి పెన్ను పట్టుకున్నాడు.

"ఏ దేశానికండీ?"

"ఏ దేశానికీ కాదు బాబూ. చల్లపల్లికి."

"ఎక్స్‌పోర్ట్ కాదా? అయితే రీసెర్చ్ శాంపిలా? గైడ్ గారి సంతకం కావాలండీ."

"రీసెర్చ్ కూడా కాదు. మా వీధిలో పిల్లాడు తింటున్నాడు."

కుర్రాడు ఫారం తిరగేశాడు, మళ్లీ బోర్లించాడు. రెండు గడులున్నాయి. మూడోది లేదు. "అలాంటి కాలమ్ లేదండీ. పోనీ రీసెర్చ్ అని టిక్కు పెట్టెయ్యమంటారా?" అన్నాడు జాలిగా. నాలుగు లోహాలకీ కలిపి రేటు చెప్పాడు. ఆ డబ్బుతో మనవడికి లెక్కల ట్యూషను రెండు నెలలు కట్టొచ్చు. టిక్కు పెట్టించాను, డబ్బు కట్టాను, బయటికొచ్చాను. ప్రభుత్వ లెక్కల్లో ఇప్పుడు నేనో పరిశోధకుణ్ని, మామ్మగారి మనవడు నా శాంపిలు.

ఫలితం వచ్చేదాకా ఆవిణ్ని పెరట్లో చిట్టి ఆకే కొయ్యమన్నాను. "అది ఏపుగా లేదు నాయనా" అని గొణుక్కుంటూనే ఒప్పుకుంది. తారు మీద చాప కూడా తీయించి మేడ మీద పరిపించాను.

ఆయుష్ వారికీ, వ్యవసాయ శాఖ వారికీ, ప్రయోగశాలల ఫారాలు అచ్చువేయించే అయ్యలందరికీ ఒకటే విన్నపం. రెండు గడులున్న ఆ ఫారంలో మూడో గడి ఒకటి గీయించండి. పక్కన పెద్ద రాత కూడా అక్కర్లేదు, రెండే మాటలు: "తినే నిమిత్తం".